రెట్టింపు లెక్క

సాంచాల వాడలో చావు జరిగితే ముందుగా తెలిసేది చెవులకే. పొద్దున లేచింది మొదలు టకటకలాడే సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక్కొక్కటే ఆగిపోతాయి. పక్కింటివాళ్లు బంద్ చేస్తారు, వాళ్లను చూసి ఎదురింటివాళ్లు, ఆ తర్వాత గల్లీ చివరివాళ్లు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. కాటికి పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా మళ్లీ మగ్గం నడవదు. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లకు అది లేకపోతే చెవుల్లో దూది కుక్కినట్టు ఉంటుంది.

లక్ష్మీరాజం సారు పోయిన రోజు ఆయన కూతురు పద్మలతకు చెవుల్లోనే కాదు, ఒళ్లంతా దూది కుక్కినట్టే ఉంది. తల్లి బాలలక్ష్మి రొమ్ము కొట్టుకొని ఏడుస్తోంది. అమ్మలక్కలు శోకాలు తీస్తున్నారు. పద్మలత మాత్రం తండ్రి కాళ్ల దగ్గర కూర్చొని గోడ మీద పాకే బల్లిని చూస్తోంది. ఏడ్చే మగవాణ్ణీ నవ్వే ఆడదాన్నీ నమ్మొద్దంటారు, ఇక ఏడ్వని కూతురిని నమ్ముతారా, వాకిట్లో అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. ఆమెకు అవి వినబడ్డాయి. కోపం కూడా రాలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది, అంతే.

మగపిల్లలు లేని ఇల్లు. పద్మలత ఒక్కతే. భర్త భానుప్రసాద్ ముంబై పక్కన భీవండిలో సాంచాల మీద పని చేస్తాడు, కబురు అందగానే రైలెక్కాడు. ఏడేళ్ల కూతురు నవ్యశ్రీ పొద్దటినుంచీ తల్లి కొంగు పట్టుకొని వదలడం లేదు. ఈ పిల్ల పుట్టిన దగ్గరినుంచీ తాత చంకలోనే పెరిగింది. వాడలో అందరూ దాన్ని సారు తోక అనేవాళ్లు.

లోకంలో కొందరికి పేకాట పిచ్చి, కొందరికి గుడుంబా పిచ్చి. హైస్కూల్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన లక్ష్మీరాజం సారుకు ఒక సంఖ్య పిచ్చి. మామూలు సంఖ్య కాదు. 105263157894736842. పద్దెనిమిది అంకెలు. పెండ్లికి పోయినా పేరంటానికి పోయినా, పక్కన కూర్చున్నవాడి ఖర్మ కాలి కాగితమూ పెన్నూ ఉన్నాయో, ఈ సంఖ్య రాయించేవాడు.

"చివర రెండున్నది సూడు. దాన్ని తీస్కపోయి తలకు పెట్టు. మిగిలినయ్ కదిలియ్యకు. ఇప్పుడు గుణించుకో. మొదటిదానికి సరిగ్గ రెట్టింపు. పైస ఎక్కువ లేదు, పైస తక్కువ లేదు. దీనికన్న చిన్న సంఖ్యలల్ల గీ పని చేసేది లోకంల ఒక్కటి లేదు."

అక్కడితో ఆగితే సారెందుకవుతాడు. నడిమికి విరిచి రెండు ముక్కలు కూడమనేవాడు. కూడితే తొమ్మిది తొమ్మిదులు వరుసగా వచ్చేవి. తలను తీసి తోకకు పెడితే సగమవుతుందని చూపించేవాడు. "కాని జాగ్రత్త బిడ్డా, గప్పుడు ముందటికి సున్న వస్తది. తలకాయ లేని మొండెం లెక్క నడుస్తది" అని నవ్వేవాడు.

పద్మలతకు చిన్నప్పుడు ఇదే ఆట, ఇదే జోల. తర్వాత నవ్యశ్రీకీ అదే. ఒకరు సంఖ్య చెప్పాలి, ఇంకొకరు వెంటనే రెట్టింపు చెప్పాలి. తోకను తలకు తేవడమే కాబట్టి పసిపిల్లయినా చెప్పేస్తుంది. ఆర్నెల్ల కింద సారుకు పక్షవాతం వచ్చింది. మనుషులు గుర్తు లేకుండా పోయారు. బాపూ అని పిలిస్తే, లక్ష్మీరాజం అని పిలిస్తే, పైకప్పు చూస్తూ పడుకునేవాడు. కాని చెవి దగ్గర వంగి ఆ పద్దెనిమిది అంకెలు చెబితే మాత్రం పెదవి వంకరగా కదిలేది. తడబడుతూ, ఒక్కో అంకె ఈడ్చుకుంటూ, రెట్టింపు జవాబు చెప్పి కండ్లు మూసుకునేవాడు. ఈ ఆర్నెల్లూ తండ్రి ఉన్నాడా లేడా అన్నది పద్మలత అట్లాగే చూసుకుంది.

పొద్దు వాలుతోంది. సారు అన్న రాయమల్లు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. వాడలో ఏ చావైనా ముందుండి నడిపించే ముసలాయన.

"అల్లుని కోసం చూసుకుంట కూసుంటే పొద్దు గూకుతది. పొద్దు గూకినంక కట్టె ముట్టియ్యరాదు. కుండ నువ్వే పట్టు బిడ్డా. ఇగ లేవాలె."

పద్మలత లేచింది. కొంగుతో పాటు నవ్యశ్రీ కూడా లేచింది.

"పిల్లనెక్కడికే? నా కాడ ఇడిసిపో. పసిపిల్ల కాటికి పోవద్దు" అంది బాలలక్ష్మి ఏడుపు మధ్యలో.

పద్మలత ఆ చిన్న వేళ్లను విడదీయబోయింది. అవి గట్టిగా ఉన్నాయి. ఇంకొంచెం బలం పెడితే ఊడేవే. ఆ ఇంకొంచెం ఆమె దగ్గర లేదు.

"రానీ అవ్వా" అంది తల్లితో.

ఊరు దాటేదాకా డప్పులు మోగాయి, పేలాలు చల్లారు. రోడ్డు దిగి పత్తి చేలల్లోకి బాట మళ్లేచోట రాయమల్లు చెయ్యెత్తాడు. పాడె కిందికి దింపారు. దింపుడు కల్లం. పోయినవాళ్లను సగం దారిలో దించి, చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఎక్కడన్నా కొనప్రాణం మిగిలి ఉంటే పలుకుతారని ఆశ. ఇప్పటిదాకా పలికినవాళ్లు లేరు. అయినా పిలవడం మానినవాళ్లూ లేరు.

"బాపూ అని పిలువు బిడ్డా. మూడుసార్లు."

పద్మలత మోకాళ్ల మీద కూర్చొని వంగింది. పసుపు వాసన, బంతిపూల వాసన, వాటి కింద సన్నగా సుద్దముక్క వాసన. బాపూ అనాలి. నోరు తెరిచింది. ఆ పిలుపుకు ఆర్నెల్లుగా ఆయన పలకలేదు కదా అనిపించింది. పలకని పిలుపు పిలిచి ఏం లాభం? ఆమె పెదవులు వాటంతటవే కదిలాయి.

ఒకటి, సున్న, అయిదు, రెండు, ఆరు, మూడు...

పద్దెనిమిది అంకెలూ చెప్పింది. మళ్లీ చెప్పింది. మూడోసారీ చెప్పింది. గొణుగుతున్నట్టే ఉంది కాబట్టి చుట్టూ ఉన్నవాళ్లు కూతురు తండ్రితో ఏదో చెప్పుకుంటోందనుకొని తలలు వంచుకున్నారు. మూడోసారి చివరి అంకె చెప్పి తలెత్తబోతుంటే, ఆయన ముక్కులో పెట్టిన దూది కొంచెం... కొంచెమే... లోపలికి పోయినట్టు అనిపించింది.

గాలి, అనుకుంది.

పాడె మళ్లీ లేచింది. నవ్యశ్రీ కొంగు గుంజింది.

"అమ్మా, తాతకు లెక్క ఇచ్చినవా?"

"ఊఁ."

"మరి తాత జవాబు చెప్పాలె గద?"

పద్మలత కుండ ఎత్తుకొని ముందుకు నడిచింది.

మానేరు వాగు ఒడ్డున కట్టెలు పేర్చారు. ఆమె కుండతో చుట్టూ తిరిగింది, నిప్పు పెట్టింది. మంట చెయ్యి దాకా వచ్చింది. కాలిందో లేదో తెలియలేదు. అందరూ వాగులో కాళ్లూ చేతులూ కడుక్కొనేసరికి పడమర ఎరుపు కూడా ఆరిపోయింది. డప్పులవాళ్లు ముందే వెళ్లిపోయారు. మిగిలింది పదిహేను ఇరవై మంది.

రాయమల్లు వరుస కట్టించాడు. "పోయేటప్పుడు పెద్దోళ్లు ముందట, వచ్చేటప్పుడు పిల్లలు ముందట. కర్మ చేసిన మనిషి అందరికన్న ఎనుక. ఎవ్వలుగూడ ఎనుకకు మర్రి సూడొద్దు. ఎవ్వల్నీ పేరువెట్టి పిలువద్దు."

పద్మలత చివర నిలబడింది. ఆమె కొంగు పట్టుకొని నవ్యశ్రీ ఇంకా చివర నిలబడింది. రాయమల్లు వచ్చి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి వేళ్లు ఊడాయి. వరుస పొడుగునా నడిపించుకుంటూ తీసుకుపోయి అందరికన్నా ముందు నిలబెట్టి, తాను వెనక్కి వచ్చి పద్మలతకు ముందు నిలుచున్నాడు.

తోక తలకు పోయింది, అనుకుంది పద్మలత. బాపు ఉంటే నవ్వేవాడని కూడా అనుకుంది. ఒంటిమీద ఒక్క వెంట్రుక లేవలేదు.

నడక మొదలైంది. అది నల్లరేగడి బాట. మధ్యాహ్నం కురిసిన జల్లుకు మెత్తబడింది. చెప్పులు లేని కాళ్లు అందులో చప్‌చప్‌మని దిగుతున్నాయి. రెండు పక్కలా పత్తి చెట్లు నడుమెత్తున నల్లగా నిలబడ్డాయి. వరుస నడుమ ఎవరో సెల్‌ఫోన్ లైటు పట్టుకున్నారు. ఆ వెలుగు అంచున, అంత దూరాన, నవ్యశ్రీ పసుపుపచ్చ గౌను కదులుతూ కనిపిస్తోంది. వెనుకనుంచి కాలే కట్టె వాసన, నెయ్యి వాసన వెంట వస్తున్నాయి.

కొంతదూరం పోయాక అడుగుల చప్పుడు ఎక్కువైనట్టు అనిపించింది. మొదట పట్టించుకోలేదు. మెత్తని నేల కదా అనుకుంది. కాని ఆమె చివర ఉంది. చప్పుడంతా ముందునుంచే రావాలి.

ముందునుంచి ఎంత వస్తోందో, వెనుకనుంచీ అంతే వస్తోంది.

"పెద్దబాపు" అంది మెల్లగా.

"ఏంది?"

"నా ఎనుక ఎవలన్న ఉన్నరా?"

రాయమల్లు ఆగలేదు, తిరగలేదు. "ఉండరు. నడువు."

అప్పుడు వరుస ముందునుంచి నవ్యశ్రీ గొంతు వినిపించింది. సన్నగా, బడిలో ఎక్కాలు అప్పజెప్పినట్టు.

"రెండు... ఒకటి... సున్న... అయిదు..."

జవాబు. తాత చెప్పాల్సిన జవాబు.

"పిల్ల ఏదో చదువుతున్నది. చదువనీ. భయం తెల్వది పాపం" అన్నాడు రాయమల్లు.

"రెండు... ఆరు... మూడు... ఒకటి..."

పద్మలత నడుస్తోంది. వెనుక అడుగులు నడుస్తున్నాయి. ఆమె ఆగితే ఆగుతాయేమో చూద్దామనుకుంది, కాని కాళ్లు ఆగలేదు. అంతలో నడుము దగ్గర కొంగు బిగుసుకుంది. ఎవరో పట్టుకున్నట్టు.

"అమ్మా."

అదే గొంతు. నవ్యశ్రీ గొంతు. వెనుకనుంచి.

"అమ్మా... నేనిక్కడున్న. నాకు భయమైతున్నది."

ముందు పసుపుపచ్చ గౌను కదులుతూనే ఉంది. "అయిదు... ఏడు... ఎనిమిది..." అని వినబడుతూనే ఉంది.

"ముందట చీకటున్నదని ఉరికొచ్చిన అమ్మా. నన్ను మల్ల ముందటికి పంపకు."

పద్మలత మెడ తిప్పబోయింది. రాయమల్లు వీపు చూసి ఆగింది. వెనక్కి చూడొద్దు. కాటినుంచి వెంట వచ్చేవి మనకు ఇష్టమైన గొంతులతోనే పిలుస్తాయని ఆమె పుట్టినప్పటినుంచీ వింటోంది. తిరిగి చూసినవాళ్ల ఇంటికి అవి కూడా వస్తాయని వింటోంది. ముందున్నది కండ్లకు కనబడుతోంది. వెనుకున్నది కనబడటం లేదు. ఏది బిడ్డ, ఏది కాదు?

ఒక చిన్న చెయ్యి వచ్చి ఆమె చేతిలో దూరింది. తడిగా ఉంది. చచ్చినవాళ్ల చెయ్యి చల్లగా ఉంటుంది, బతికినవాళ్లది వెచ్చగా ఉంటుంది. పట్టుకొని చూస్తే చాలు, తెలిసిపోతుంది. పద్మలత పట్టుకుంది. వేళ్లు బిగించింది. చల్లగా ఉందా? వెచ్చగా ఉందా? ఆమెకు ఏమీ తెలియలేదు. తన చెయ్యి తనదేనా అన్నది కూడా తెలియలేదు. పొద్దటినుంచీ కమ్మిన ఆ మొద్దుతనం మీద ఆమెకు మొదటిసారి అసహ్యం వేసింది.

భయం వేయలేదు. లెక్క మాత్రం గుర్తుకొచ్చింది. తండ్రి పెట్టిన బుద్ధి అది, ఎక్కడికి పోతుంది.

తోకను తలకు పెడితే రెట్టింపు అయింది. తలను తీసి మళ్లీ తోకకు తెస్తే సగమవుతుంది. రెట్టింపులో సగం అంటే మొదట ఉన్నదే. ఒక్కసారి తెస్తే చాలు. సున్న రాదు. ఒక్క బిడ్డ ఒక్కతే అవుతుంది.

"నవ్యా!" అని ఆగి పిలిచింది. "ఎనుకకు రా బిడ్డా! నా దగ్గరికి రా!"

"పిలువకే! పేరువెట్టి పిలువకు!" రాయమల్లు వెనక్కి తిరగకుండానే అరిచాడు.

అంకెలు ఆగిపోయాయి. ముందు పసుపుపచ్చ గౌను నిలబడింది. తిరిగింది. వరుస పక్కనుంచి వస్తోంది. పత్తి చెట్లను రాసుకుంటూ... తొందర లేకుండా... చీకటంటే బెదురు లేకుండా...

చేతిలోని చెయ్యి గట్టిగా బిగుసుకుంది.

"అమ్మా... గా వచ్చేది నేను కాదు."

వస్తోంది. లైటు దాటింది. ఇప్పుడు నల్లగా కనిపిస్తోంది.

"అమ్మా, ఇటు సూడు. ఒక్కపారి సూడమ్మా..."

పద్మలత చూడలేదు.

"అమ్మా..."

రాయమల్లును దాటి వచ్చి ఆమె ముందు నిలబడింది. నవ్యశ్రీ. అదే రెండు జడలు, అదే ఊడిన ముందుపన్ను. తలెత్తి తల్లి మొహంలోకి చూసి నవ్వింది. ఆ క్షణంలోనే చేతిలో చెయ్యి లేదు. ఎవరూ గుంజుకోలేదు. వదిలించుకోనూ లేదు. ఉన్నది లేకుండా పోయింది. వెనుక అడుగుల చప్పుడు కొంచెంసేపు దూరం దూరంగా వినిపించి ఆగిపోయింది.

"పోదామా అమ్మా?" అంది నవ్యశ్రీ.

"పోదాం."

ఇంటికి వచ్చి తలమీద నీళ్లు పోసుకున్నారు. వచ్చినవాళ్లందరూ దీపం చూసి వెళ్లిపోయారు. బాలలక్ష్మి మనవరాలిని ఒళ్లోకి తీసుకుంది. పక్కింటివాళ్లు తెచ్చిన అన్నం పిల్ల మారాం లేకుండా తిన్నది. గల్లీలో ఒక్కొక్క సాంచా మళ్లీ మొదలైంది. ఆ టకటకల మధ్య పద్మలత కూతురి పక్కన పడుకొని దాని ఒంటిని ఆసాంతం వెతికింది. మెడ మీద పుట్టుమచ్చ ఉంది. మోకాలి మీద సైకిల్ నుంచి పడిన మచ్చ ఉంది. పిల్ల ఊపిరి తీస్తోంది, వదులుతోంది. గండం గడిచిందనుకుంది. మర్నాడు భానుప్రసాద్ వచ్చాడు. పిల్ల పరుగెత్తుకొని పోయి అతని మెడ చుట్టుకుంది. ఇంకేం కావాలి?

మూడో రోజు పొద్దున్నే బూడిదలోంచి బొక్కలు, అంటే అస్థికలు, ఏరడానికి రాయమల్లుతో కలిసి వాగు ఒడ్డుకు పోయింది. ఆనాటి జల్లు తర్వాత ఎండలు కాశాయి. నల్లరేగడిలో పడిన అడుగు ఎండితే పోత పోసినట్టు నిలుస్తుంది. పని పడితే తప్ప ఆ బాటన మనిషి నడవడు. రాయమల్లు తువ్వాల భుజాన వేసుకొని ముందు పోతున్నాడు. పద్మలత తలవంచుకొని నేలను చూస్తూ వెనుక నడుస్తోంది.

పోయినప్పటి అడుగులు, వచ్చినప్పటి అడుగులు ఒకదాని మీద ఒకటి తొక్కుకొని ఏది ఎవరిదో తెలియకుండా ఉన్నాయి. కాని ఆనాడు అందరికన్నా చివర నడిచింది ఆమె. కాబట్టి అన్నిటి పైన ఉన్నవి ఆమె పాదాలు. ఊరి దిక్కుకు వేళ్లు పెట్టి వరుసగా ఉన్నాయి.

వాటి మీద వేరే పాదాలున్నాయి. చిన్నవి. ఏడేళ్ల పిల్లవి. తల్లి అడుగులోనే అడుగు వేస్తూ వచ్చినట్టు, ఒక్కోచోట ఒకటి. పద్మలత వాటి పక్కనుంచే నడిచింది. ఆమె ఆగి, పేరు పెట్టి పిలిచిన చోట ఆ పాదాలు కూడా ఆగినట్టు ఉన్నాయి. మడమలు లోతుగా దిగాయి. అక్కడినుంచి బాట పక్కన తిరిగి పోయాయి. వేళ్లు ఊరి దిక్కుకు లేవు. కాటి దిక్కుకు ఉన్నాయి.

పరుగెత్తిన అడుగులు కావు. ఎవరో చెయ్యి పట్టుకొని నడిపించినట్టు ఉన్నాయి. వాటి పక్కనే పెద్ద పాదాలు పోయాయి. మగమనిషివి. కాని అడుగు తర్వాత అడుగు పడలేదు. రెండూ జంటగా, ఒకదానికొకటి ఆనుకొని పడ్డాయి. తర్వాత కొంచెం ఎడంగా మళ్లీ రెండూ జంటగా. పాడె మీద పండబెట్టేముందు కాళ్ల బొటనవేళ్లు కలిపి దారంతో కడతారు. ఆ కట్టు విప్పకుండా నడిస్తే అడుగులు అట్లాగే పడతాయి.

ముందున్నదాన్ని వెనక్కి పిలిస్తే సగం పోతుంది, నిజమే. బాపు చెప్పిన లెక్క తప్పు కాలేదు. పోయేది ఏ సగమో మాత్రం లెక్క ఎప్పుడూ చెప్పలేదు. ఆ మాట మనసులో ఎంత మెల్లగా దిగిందంటే, దిగాక కూడా పద్మలత నడుస్తూనే ఉంది.

రాయమల్లు అప్పటికే బూడిద మీద నీళ్లు చల్లి గొంతుక్కూర్చున్నాడు. ఒక్కొక్కటే ఏరి తువ్వాల మీద పెడుతున్నాడు. కొంతసేపటికి అతని చేతులు ఆగిపోయాయి. అరచేతిలో ఏదో పెట్టుకొని చూశాడు. బూడిదలో మళ్లీ వెతికాడు. ఇంకోటి తీశాడు.

"బిడ్డా... ఎంతమందివి ఏరిన నేను... గింత చిన్నయి..."

ఆమె మొహంలోకి చూశాడు. అప్పుడే పద్మలత చేతిలో ఫోన్ మోగింది. ఇంటినుంచి. చెవి దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, ఎప్పుడొస్తవ్?" అంది నవ్యశ్రీ గొంతు.

పద్మలత రాయమల్లు అరచేతి దిక్కు చూసింది. తర్వాత "వస్తున్న" అని ఫోన్ పెట్టేసింది.

"బాపువే, పెద్దబాపు" అంది. "అన్నీ కలిపి ఒక్క మూటనే గట్టు. ఇంట్ల పిల్ల ఎదురు సూస్తున్నది."